చౌక రాకెట్టునకు చూపు వచ్చిన విధము

భానూరు పరిసరములు

హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారిని పట్టి సాగు బాటసారికి మొదట రామచంద్రాపురములోని భారీ విద్యుత్పరికరముల కర్మాగారమును, పిమ్మట మెట్టపైరుల పరిశోధనకై 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ వారి పొలములును, పటాన్‌చెరువు, పాశమైలారము పారిశ్రామికవాడల పొగగొట్టములును, కందియొద్ద ఐ.ఐ.టి. భవనములును వరుసగా కానవచ్చును. కాని ఈ రహదారికి దక్షిణముగా లోపలికి ఒదిగియున్న భానూరు, ఎద్దుమైలారము అను రెండు గ్రామములు మాత్రము, దేశరక్షణ చరిత్రలో తమకొక స్థానము సంపాదించుకొనియు, దారిన పోవువారి కంట పడవు. ఎద్దుమైలారములో 1984లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆయుధ కర్మాగారమునందు ‘సారథ్’ అను పేరుగల పదాతిదళ కవచవాహనములు తయారగుచున్నవి. 1970లో కంచన్‌బాగులో పుట్టిన భారత్ డైనమిక్స్ సంస్థకు భానూరులో ఒక పెద్ద శాఖ కలదు. ట్యాంకులను ఛేదించు క్షిపణులు అచ్చట రూపొందుచున్నవి. ఎద్దుమైలారపు వాహనముపై భానూరులో తయారైన ‘కాంకుర్స్’ క్షిపణిని అమర్చుట పరిపాటి యగుటచే, ఈ రెండు గ్రామముల పరిశ్రమలు ఒకే ఆయుధమునకు రెండు అంగములవలె పెనవేసికొన్నవని చెప్పవచ్చును. 2008లో ఆరంభమైన హైదరాబాదు ఐ.ఐ.టి. సయితము, కందిలో సొంత భవనములు లేచువరకు, ఎద్దుమైలారపు కర్మాగార ప్రాంగణమునందే పాఠములు చెప్పుకొనెను.

ఇట్టి ప్రాంతమున నివసించు పాఠకునకు, సైనిక హెలికాప్టరునుండి ప్రయోగింపబడు చౌక రాకెట్టు లేజరు వెలుగును పట్టుకొని గురి చేరుట యెట్లో తెలిసికొనవలెనను కుతూహలము సహజము. అందులకు తగిన కారణమును కలదు. బెల్జియములో రూపొందిన ‘ఎఫ్.జెడ్.275’ అను 70 మిల్లీమీటర్ల లేజరు రాకెట్టును మన దేశమున తయారుచేయు నుద్దేశముతో, థాలెస్ సంస్థకును భారత్ డైనమిక్స్‌కును నడుమ 2022లో ఒక అవగాహనపత్రము కుదిరినది. ఈ అధ్యాయమున ఆ జాతి రాకెట్ల నిర్మాణమును, వాని వెనుకనున్న భౌతికశాస్త్రమును, వాని చౌకదనపు మూలమును విచారింతము. అల్పమూల్యమైన వస్తువున అల్పమైన విజ్ఞానమే యుండునను లోకాభిప్రాయము ఎంత పొరపాటో ఈ చిన్న ఆయుధము చక్కగా నిరూపించును.

చూపులేని రాకెట్టు

రాకెట్టు మన దక్షిణాపథమునకు క్రొత్త కాదు. హైదరలీ, టిప్పు సుల్తానుల సేనలు ఇనుపగొట్టములలో మందు దట్టించి కంపెనీ సేనలపై ప్రయోగించిన రాకెట్లను చూచి విస్మితులైన ఆంగ్లేయులు, 1799లో శ్రీరంగపట్టణము పతనమైన పిదప వానిని తమ దేశమునకు కొనిపోగా, విలియం కాంగ్రీవు వానిపై పరిశోధనలు సల్పి, 1807లో కోపెన్‌హాగెను నగరముపై ప్రయోగింపబడిన క్రొత్త రాకెట్లకు రూపము కల్పించెను. అయినను మైసూరు రాకెట్టునకుగాని, కాంగ్రీవు రాకెట్టునకుగాని ఉన్న ప్రధానలోపము ఒక్కటియే: అది ఎచ్చట పడునో ప్రయోగించినవాడును నిశ్చయముగా చెప్పజాలడు. ఫిరంగిగుండు గొట్టమును వీడులోపలనే తన వేగమంతయు పొందును గనుక, గొట్టము చూపిన దిక్కునే పోవును. రాకెట్టన్ననో గొట్టమును వీడిన తరువాతకూడ మండుచు వేగము పుంజుకొనుచునే యుండును గనుక, ఆ కొద్దికాలమున దానిని త్రోవ తప్పించు శక్తులన్నియు ప్రబలములగును.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికావారు విమానములకొరకు రెండుముప్పాతిక అంగుళముల, అనగా 70 మిల్లీమీటర్ల వ్యాసముగల రాకెట్టును నిర్మించిరి. దాని సంతతియే నేడు ‘హైడ్రా’ యను పేరుతో దేశదేశముల హెలికాప్టర్లకు, ఏడేసి లేక పందొమ్మిదేసి గొట్టముల తూణీరములందు, వ్రేలాడుచున్నది. ఇందలి ఘన ఇంధనము మండు కాలము సెకనుకు కొంచెమే ఎక్కువ. ఆ మీదట రాకెట్టు తాను పొందిన వేగముతోనే గాలిలో దూసికొనిపోవును. ఆ ఒక్క సెకనులోనే దాని భవితవ్యము తేలిపోవును. ఇంధనవాయువులు వెలువడు నాళము అక్షమునకు వెంట్రుకవాసి వంకరగా నున్నను, హెలికాప్టరు రెక్కలు క్రిందికి తోయు గాలి గొట్టము చివర రాకెట్టు తలను నొక్కినను, ప్రయోగించు క్షణమున హెలికాప్టరు కొంచెము కదలినను, ఆ తప్పు దూరముతోపాటు పెరుగుచు పోవును. ప్రక్కగాలి విషయము మరింత విచిత్రమైనది. గాలి కుడివైపునుండి వీచినచో రాకెట్టు ఎడమకు కొట్టుకొనిపోవునని మనము తలంతుము. కాని ఇంధనము మండుచున్నంతసేపు తోకరెక్కలపై గాలి ఒత్తిడి తోకను ఎడమకు నెట్టి తలను కుడికి త్రిప్పును గనుక, రాకెట్టు గాలికి ఎదురుగానే మరలును. గణితము చూచినచో, ఒక్క డిగ్రీ తప్పు 5 కిలోమీటర్ల దూరమున 87 మీటర్ల ఎడముగా పరిణమించును. శత్రువాహనము పొడవు ఆరేడు మీటర్లు మాత్రమే కదా!

ఈ లోపమునకు పూర్వులు కనుగొన్న మందు రెండు విధములు: ఒకటి, ఒకేసారి పదుల రాకెట్లను గుంపుగా ప్రయోగించి ఆ ప్రదేశమునంతను కప్పివేయుట, రెండవది, గురికి మిక్కిలి చేరువకు పోవుట. మొదటిదానివలన గురికాని వారికిని హాని కలుగును; రెండవదానివలన హెలికాప్టరునకే ప్రమాదము. 1999లో కార్గిలు సమరమున ఈ రెండవ కష్టము మనకు ప్రత్యక్షముగా అనుభవమునకు వచ్చెను. మే 28వ తేదీన తోలోలింగు శిఖరప్రాంతమున మార్గదర్శనము లేని రాకెట్లతో దాడిచేయుచున్న ఎం.ఐ.-17 హెలికాప్టరు ఒకటి, శత్రువు భుజముపైనుండి విడిచిన క్షిపణికి గురియై కూలగా, అందలి నలుగురు వైమానికులును అమరులైరి. దానితో హెలికాప్టర్లను దాడికి పంపుట మానవలసివచ్చెను. పర్వతములపై మరియొక చిక్కుకూడ ఉండెను: 5,000 మీటర్ల యెత్తున గాలి సాంద్రత సముద్రమట్టమున ఉన్నదానిలో సుమారు 60 శాతమే యగుటచే, తోకరెక్కల పట్టు సడలి, మైదానములకై సిద్ధపరచిన గురిపట్టికలు అక్కరకు రాకపోయెను. జూన్ 24న మిరాజ్ విమానములు టైగర్ హిల్‌పై లేజరు బాంబులను గురి తప్పక వేయగలిగినప్పుడు, వెలుగుచే నడుపబడు ఆయుధమునకును, ఊహపై ఆధారపడు ఆయుధమునకును గల తారతమ్యము దేశమంతటికిని తేటతెల్లమయ్యెను. ఎత్తైన కొండలపై ఎగురగల సొంత యుద్ధ హెలికాప్టరు కావలయునన్న సంకల్పమును కార్గిలు అనుభవమునుండియే బలపడి, 2010లో మొదట ఎగిరి, 2022 అక్టోబరు 3న జోధపూరులో వాయుసేనయందు చేరిన ‘ప్రచండ్’గా ఫలించెను. దాని ఆయుధములలో 70 మిల్లీమీటర్ల రాకెట్టు ఒకటి. 2025 మార్చిలో అట్టి హెలికాప్టర్లు 156 కొనుటకు ఒడంబడిక జరిగినది గనుక, ఈ రాకెట్టునకు చూపు కల్పించు ప్రశ్న మనకు పుస్తకములకు మాత్రమే పరిమితమైనది కాదు.

తీగ, కిరణము, ప్రతిఫలనము

ఎగురుచున్న ఆయుధమునకు దారి చూపు పద్ధతులు పెక్కు కలవు. వానిలో రెండింటికి భానూరు కర్మాగారము చిరపరిచితమైనది. మూడవది ఈ అధ్యాయమునకు ముఖ్యవిషయము.

కాంకుర్స్ క్షిపణి పోవునప్పుడు తన వెనుక సన్నని తీగను విప్పుకొనుచు పోవును. ప్రయోక్త దూరదర్శినియందు గురిని నిలిపియుంచిన చాలును. క్షిపణి తోకయందలి దీపమును యంత్రమే గమనించి, అది చూపురేఖనుండి తొలగినపుడెల్ల తీగద్వారా సవరణాజ్ఞలు పంపును. ఈ పద్ధతి నమ్మదగినదే కాని తీగ పొడవే దానికి హద్దు. 4 కిలోమీటర్లకు మించి అది పోజాలదు. టి-90 ట్యాంకు ఫిరంగిగొట్టమునుండియే వెలువడు ‘ఇన్వార్’ క్షిపణియందు తీగ లేదు. ట్యాంకు ఒక లేజరు కిరణమును గురివైపు ప్రసరింపజేయగా, క్షిపణి ఆ కిరణమునందే ఇమిడి ప్రయాణించును. దాని గ్రాహకము తోకభాగమున ఉండి వెనుకకు చూచుచుండును. తాను కిరణమధ్యమునుండి ఎంత తొలగినదో కిరణమునందలి సంకేతములనుబట్టి గ్రహించి, తనంతట తాను మధ్యకు చేరుకొనును. సుమారు 5 కిలోమీటర్లు పోగల ఈ క్షిపణి భానూరులో తయారగుచుండుటవలన, లేజరు మార్గదర్శనము మన సంగారెడ్డి జిల్లాకు క్రొత్త విద్య కాదని తెలియుచున్నది.

మూడవ పద్ధతియందు క్షిపణి వెనుకకు చూడదు, ముందునకు చూచును. ఎవరో ఒకరు, ఆ హెలికాప్టరే కానిండు, మరియొక హెలికాప్టరు కానిండు, కొండచాటున దాగిన పదాతిసైనికుడు కానిండు, గురిపై అదృశ్యమైన లేజరు బిందువును నిలుపుదురు. అచ్చటినుండి నలుదెసలకు చెదరివచ్చు వెలుగును రాకెట్టు పసిగట్టి, ఆ వెలుగు పుట్టినచోటికే పోయి తాకును. బిందువును నిలుపువాడును, రాకెట్టును విడుచువాడును వేరువేరు తావులందుండవచ్చునను స్వాతంత్ర్యమే ఈ పద్ధతికి ప్రాణము. హెలికాప్టరు కొండవెనుకనుండి తలయెత్తి, రాకెట్టును విడిచి, మరల చాటునకు పోవచ్చును. తోలోలింగు కష్టమునకు ఇది కొంత విరుగుడు. పందొమ్మిదివందల అరువదవ సంవత్సరము మే 16న థియోడోర్ మైమన్ తొలి లేజరును వెలిగింపగా, పండ్రెండేండ్లు గడువకమునుపే, 1972 మే నెలలో, ఏండ్ల తరబడి వందలాది విమానదాడులను తట్టుకొని నిలిచిన వియత్నామునందలి థాన్ హోవా వంతెన లేజరు బాంబుల దెబ్బకు కూలెను.

ఆ కన్ను చూచుట యెట్లు?

గురిపై బిందువును నిలుపుటకు సాధారణముగా వాడునది నియోడిమియము కలిపిన స్ఫటికమునుండి పుట్టు లేజరు. దాని తరంగదైర్ఘ్యము 1.064 మైక్రోమీటర్లు, అనగా మన కంటికి కనబడు ఎరుపునకు ఆవలిది. కంటికి కనబడకున్నను కనుపాప దానిని అడ్డగింపదు. కటకము దానిని నేత్రపటలముపై కేంద్రీకరించును గనుక, దానియెదుట రక్షణాద్దములు లేక నిలుచుట మహాప్రమాదము. ఈ లేజరు ఎడతెగక వెలుగునది కాదు. సెకనుకు పది ఇరువది మారులు మెరయును. ఒక్కొక్క మెరుపునందలి శక్తి జౌలులో పదియవ వంతనుకొందము, దాని ఆయువు 20 నానోసెకన్లు, అనగా సెకనులో అయిదుకోట్లవ వంతనుకొందము. ఆ వ్యవధిలో వెలుగు పోగల దూరము 6 మీటర్లు మాత్రమే. అంత స్వల్పకాలమున వెలువడుటచే, ఆ మెరుపు సామర్థ్యము ఆ క్షణమునకు 50 లక్షల వాట్లగును. సెకను మొత్తముమీద సగటు చూచినచో రెండు వాట్లకు మించదు. పట్టపగటి ఎండలో, కిలోమీటర్ల దూరమునుండి, ఇంత చిన్న పరికరపు వెలుగును రాకెట్టు గుర్తింపగలుగుటకు కారణము ఇదియే: శక్తి కొంచెమైనను దానిని కాలమునందు కుదించి ప్రయోగించుట.

ఎండనుండి దానిని వేరుచేయుటకు మరి రెండు ఉపాయములు కలవు. గ్రాహకము ముందు అమర్చిన వడపోత గాజుపలక ఆ ఒక్క తరంగదైర్ఘ్యమును, దాని సమీపమునందలి కొద్దిపాటి వెలుగును మాత్రమే లోపలికి విడుచును. మెరుపుకును మెరుపుకును నడిమి వ్యవధిని ముందే నిర్ణయించి రాకెట్టునకు తెలిపియుంచుటచే, తనకు నియమితమైన లయతో వచ్చు వెలుగునే అది లెక్కగొనును. ఒకే రణరంగమున నాలుగు హెలికాప్టర్లు నాలుగు గురులను వెలిగించుచున్నను, ఒకదాని రాకెట్టు మరియొకదాని బిందువును ఆశ్రయింపదు.

లోపలికి వచ్చిన వెలుగు పడు ఫలకము సిలికానుతో చేయబడి, నాలుగు సమభాగములుగా విభక్తమై యుండును. వెలుగు నాలుగింటిపైనను సమముగా పడినచో గురి సూటిగా ముందున్నది. కుడిభాగములపై ఎక్కువ పడినచో గురి ఒక ప్రక్కకున్నది. నాలుగు విద్యుత్ప్రవాహముల కూడికలు, తీసివేతలు చేసినంతమాత్రమున దిక్కు తెలిసిపోవును. చిత్రమును చూచి ఇది ట్యాంకు, ఇది చెట్టు అని పోల్చుకొనవలసిన పని ఈ కంటికి లేదు. అట్టి పోలిక ఎరిగిన కన్ను, ట్యాంకులను ఛేదించు ‘నాగ్’ క్షిపణుల కుటుంబమునకు చెందిన, హెలికాప్టరునుండి ప్రయోగింపబడు ‘హెలీనా’ క్షిపణికి కలదు. హైదరాబాదునందలి డి.ఆర్.డి.ఎల్. అను రక్షణ పరిశోధనశాల రూపొందించిన ఆ క్షిపణి గురియొక్క ఉష్ణచిత్రమును పట్టుకొని, విడిచిన పిదప ఎవరి సాయమును లేకయే 7 కిలోమీటర్ల వరకు పోగలదు. ఆ విద్య గొప్పది. దాని మూల్యమును గొప్పదే.

దిక్కు తెలిసిన తరువాత రాకెట్టు సూటిగా బిందువువైపు తిరిగిన చాలునా? చాలదు, గురి కదలుచున్నచో అది దాని వెంటబడి వెనుకనే మిగిలిపోవును. అందుచే రాకెట్టు మరియొక సూక్ష్మమైన నియమమును పాటించును: తననుండి గురికి గీసిన చూపురేఖ తిరుగుచున్నదా లేదా అని గమనించుచు, అది ఎంత తిరిగిన అంతకు కొన్నిరెట్లు తన మార్గమును మళ్ళించుకొనును. ఎడము తగ్గుచుండ చూపురేఖ తిరుగక నిలిచినచో ఆ రెండును కలిసికొని తీరును. సముద్రముపై ఎదుటి ఓడ ఒకే దిక్కున నిలిచి పెద్దదగుచుండిన తాకిడి తప్పదని నావికులు ఎరిగిన సత్యమే ఇచ్చట ఆయుధమునకు సూత్రమైనది. మళ్ళుటకు సాధనములు చిన్న విద్యున్మోటార్లతో కదలు రెక్కలు. ఇంధనము సుమారు మొదటి సెకనులోనే తీరిపోవుటచే, ఆ తరువాతి సవరణమంతయు పొందిన వేగమును వెచ్చించియే చేయవలయును. మలుపు తిరిగినకొలది వేగము తరుగును. కావున ముందుగా, కొద్దికొద్దిగా దిద్దుకొనుటయే మేలు. సెకనుకు 500 మీటర్ల వేగమున పోవు రాకెట్టునకు, సెకనుకు ఇరువది మెరుపుల చొప్పున, మెరుపుకొక 25 మీటర్లు గడచును. అనగా కడపటి మెరుపు తరువాత అది గ్రుడ్డిగానే పోవును. అయినను అప్పటికి తప్పు చాలవరకు దిద్దుబాటైయుండుటచే, తుదకు మిగులు ఎడము మీటరునకు అటునిటుగా నిలుచును.

చౌకదనపు మూలము

ఇక మూల్యమును విచారింతము. మన రక్షణశాఖవారు 2021 మార్చి 19న ట్యాంకులను ఛేదించు 4,960 ‘మిలాన్-2టి’ క్షిపణులను 1,188 కోట్ల రూపాయలకు సమకూర్చుటకై భారత్ డైనమిక్స్‌తో ఒడంబడిక చేసికొనిరి. భాగించి చూచినచో ఒక్కొక్కటి సగటున సుమారు 24 లక్షలు. దాని పరిధి 1,850 మీటర్లు. అమెరికా హెలికాప్టర్ల ‘హెల్‌ఫైర్’ క్షిపణి మూల్యము లక్ష డాలర్లకు పైమాటే. ట్యాంకుపై ఇట్టిదానిని వెచ్చించుట న్యాయమే. రేకుల జీపుపైననో, ఇసుకబస్తాల మాటున పెట్టిన మరతుపాకిపైననో వెచ్చించుట ధననష్టమే కాక, అవసరమునకు మించిన విధ్వంసము కూడ.

ఈ సందిగ్ధమునకు అమెరికాలో బి.ఎ.ఇ. సిస్టమ్స్ వారు చూపిన పరిష్కారము మిక్కిలి సరళమైనది. గిడ్డంగులలో లక్షలాదిగా పడియున్న హైడ్రా రాకెట్ల మోటారును, పేలుడుభాగమును, ప్రయోగించు గొట్టమును ఏమాత్రము మార్చక, మోటారునకును పేలుడుభాగమునకును నడుమ ఒక గొట్టపుముక్కను మాత్రము క్రొత్తగా అమర్చిరి. పాతనాగలికే క్రొత్తకఱ్ఱు వేసికొని సేద్యము సాగించు రైతు యుక్తి వంటిది ఇది. ఆ ముక్కలో నాలుగు మడతరెక్కలును, ఒక్కొక్క రెక్క అంచున ఒక చిన్న కటకమును ఉండును. రాకెట్టు గొట్టమును వీడువరకు రెక్కలు లోపల ముడుచుకొనియుండుటచే, ప్రక్కగొట్టమునుండి పోవు రాకెట్టు మసి కటకములపై పడదు. కన్ను ముక్కుపై కాక రెక్కలపై నుండుటచే పాత పేలుడుభాగము తన తావునుండి కదలనక్కరలేదు. మొదటి ప్రయత్నము 2005లో రద్దుకాగా, మరల సంస్కరింపబడిన ఈ ఆయుధము 2012లో సేవకు సిద్ధమయ్యెను. క్రొత్తభాగము మూల్యము ఇరువది ముప్పది వేల డాలర్ల నడుమ. థాలెస్ వారి రాకెట్టున కన్ను ముక్కుననే యుండును గాని, 70 మిల్లీమీటర్ల పాతగొట్టములనే వాడుకొను సూత్రము రెండింటికిని సమానమే.

పొదుపు ఎచ్చట జరిగినదో గమనింపుడు. పెద్ద క్షిపణులందు కన్ను ఉయ్యెల చట్రముపై నిలిచి ఏ వైపునకైనను తిరుగగలదు. ఆ చట్రమే మిక్కిలి ఖరీదైన భాగము. ఇచ్చట దానిని తొలగించి, కంటిని రాకెట్టు శరీరమునకే బిగించి, శరీరపు కదలికను సూక్ష్మ గైరోస్కోపులతో కొలిచి, గణనచేత తీసివేయుదురు. లోహము చేయవలసిన పనిని లెక్క చేయుచున్నది. లెక్కకు అచ్చువేసిన సిలికాను బిళ్ళ చాలును. గురిని పోల్చుకొను తెలివిని రాకెట్టులో పెట్టక, బిందువును నిలుపు మానవునకే విడిచిరి. ఆ లేజరు పరికరము హెలికాప్టరుతో మరల ఇల్లు చేరును గనుక, ప్రతి ప్రయోగముతోను నశించు భాగము మిక్కిలి కొద్ది.

ఒక చిన్న ఊహాలెక్క వేయుదము. చూపులేని రాకెట్టు ఒక్కొక్కటి గురిని తాకు అవకాశము నూటికి 5 అనుకొన్నచో, గురి తగులుట నూటికి 90 పాళ్లు ఖాయము కావలెనన్న 45 రాకెట్లు విడువవలయును. చూపున్న రాకెట్టు తాకు అవకాశము నూటికి 90 అయినచో ఒక్కటి చాలును. కావున ఒక్కొక్కటి పదిరెట్లు ప్రియమైనను మొత్తముమీద అది చౌకయే. మోయవలసిన బరువును, శత్రువు కంటబడు కాలమును లెక్కకు తెచ్చినచో ఆ వ్యత్యాసము ఇంకను పెరుగును.

కర్మాగారముల పాత్ర

పుస్తకమునందు సరళముగా కనబడు ఈ యుక్తి వస్తురూపము దాల్చుటకు కర్మశాలయందు ఎంత నేర్పు కావలయునో సామాన్యముగా ఎవరును తలపరు. పాశమైలారము, బొల్లారము, పటాన్‌చెరువు వీధులలో లేతు, మిల్లింగు యంత్రములు పెట్టుకొని పెద్ద కర్మాగారములకు జాబ్‌వర్కు చేయు చిన్న షెడ్డులను చూచినవారికి, టర్నరు చేతిలోని మైక్రోమీటరు ఏ దేవతామూర్తికన్నను తక్కువ గౌరవము పొందదని తెలియును. డెబ్బది మిల్లీమీటర్ల గొట్టమునకు అతుకువద్ద మరలు ఒక్కవెంట్రుకవాసి ప్రక్కకు పోయినను కంటి అక్షము మోటారు అక్షముతో కలియదు. ఆ పరికరము గొట్టమును వీడు క్షణమున తన బరువునకు పదుల రెట్లు ఒత్తిడికి లోనై, మరుక్షణమున రెక్కలు విప్పి, వెలుగును వెదుకనారంభింపవలయును. అంతకుముందు ఏండ్ల తరబడి గిడ్డంగిలో కదలక పడియుండి, రాజస్థానపు ఎండను, లడఖు చలిని ఓర్చియుండవలయును.

పైగా ఇది ఒక్కసారి వాడి పారవేయు వస్తువు. గడియారమును నడిపి చూచి అమ్మవచ్చును. రాకెట్టును విడిచి చూచి అమ్మరాదు. అందుచే ప్రతి భాగమును విడివిడిగా వేడిగదిలో, చలిగదిలో, కంపన వేదికపై శోధించి, తయారైన ప్రతి మొత్తమునుండి కొన్నింటిని మాత్రము నిజముగా పేల్చి, మిగిలినవానిపై నమ్మకము కుదుర్చుకొందురు. ఒకదానిపై ఒకటి ఆధారపడిన పది భాగములు ఒక్కొక్కటి నూటికి 99 పాళ్లు నమ్మదగినవైనను, మొత్తము ఆయుధముపై నమ్మకము నూటికి 90కి దిగజారును. ఇరువది భాగములైనచో 82కి చేరును. భాగములను తగ్గించుట ధనమునకే కాక విశ్వసనీయతకును మేలుచేయునను రహస్యము ఇచ్చట తేటపడును.

ఈ విద్యకు వలయు అంగములు తెలుగునాట పలుచోట్ల చెదరియున్నవి. 1926లో మచిలీపట్నమున ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా పుట్టి, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిన కర్మాగారము దృశ్యసాధనములకును, రాత్రిచూపు పరికరములకును పేరుపొందినది. కంచన్‌బాగులోని మిశ్రధాతు నిగమ్ ప్రత్యేక లోహములను, యాదాద్రి ప్రాంతపు పెద్దకందుకూరునందలి ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ ఘన ఇంధనములను అందించుచున్నవి. భానూరునందే 2022 జులైలో పేలుడుభాగముల తయారీకి క్రొత్తశాల ప్రారంభమైనది. సంగారెడ్డి జిల్లా పడమటికొసయందలి జహీరాబాదు పారిశ్రామిక మండలమున, ఎల్గోయి గ్రామమువద్ద, వెమ్ టెక్నాలజీస్ సంస్థ రక్షణ పరికరముల కర్మాగారమునకు అదే ఏడు పునాది పడెను. లేజరుచే నడుచు ట్యాంకు క్షిపణిని 2020 సెప్టెంబరు 22న అహ్మదునగరమున అర్జున్ ట్యాంకునుండి మన శాస్త్రజ్ఞులు 3 కిలోమీటర్ల దూరమునకు జయప్రదముగా ప్రయోగించిరి; కావున ముందునకు చూచు కంటి విద్యయు మనకు అందనిది కాదు. అందుకొనవలసినది వేల సంఖ్యలో, ఒకే నాణ్యముతో, తక్కువ వెలకు తయారుచేయు నేర్పు. ఒక్క ఉత్తమ నమూనాను నిర్మించుటకంటె అది కష్టతరము.

హద్దులును బాధ్యతలును

ఈ ఆయుధమునకు హద్దులు లేకపోలేదు. మేఘము, పొగమంచు, ధూళి, బూడిద లేజరును మ్రింగివేయును; కార్తికమాసపు తెల్లవారుజామున మంజీర లోయను కప్పు మంచు చాలును దాని కంటికి తెరవేయుటకు. రాకెట్టు పయనించు పదిపదిహేను సెకన్లును బిందువు చలింపక నిలువవలయును; దానిని నిలుపువాడు ఎచ్చటనో కంటబడి యుండక తప్పదు. తనపై లేజరు పడినదని తెలుపు గ్రాహకములుగల వాహనము తక్షణమే పొగతెర విడిచి తప్పించుకొనును. నాలుగైదు కిలోల పేలుడుభాగము దళసరి ట్యాంకు కవచమును భేదింపజాలదు. కావున ఇది హెలీనావంటి క్షిపణుల స్థానమును ఆక్రమింపదు. వానికి తగని పనులను చేసి వానిని పొదుపుచేయును. ఇటీవల ఎర్రసముద్ర ప్రాంతమున అమెరికా విమానములు ఈ రాకెట్లతోనే డ్రోనులను కూల్చియుండుట గమనింపదగినది. కొద్దిడబ్బుతో చేసిన డ్రోనును కోట్లు విలువచేయు క్షిపణితో కూల్చువాడు గెలిచియు ఓడును. చౌక శత్రువునకు చౌక ప్రతీకారమే తగినది.

అయితే చౌకదనమునందే మరియొక విషయము ఇమిడియున్నది. గురి తప్పని చిన్న ఆయుధము పొరుగున ఉన్న ఇల్లును, బాటసారిని కాపాడునన్నది నిజము. నలువదియైదు రాకెట్లు కురియుటకన్న ఒక్కటి తగులుట ఎల్లవిధముల మేలు. కాని వెల తగ్గినకొలది ప్రయోగించుటకు సంకోచమును తగ్గును. ప్రియమైన క్షిపణిని వాడుటకుముందు పదిమారులు ఆలోచించు అధికారి, చౌకదానిని వాడుటకు ఒక్కమారే ఆలోచింపవచ్చును. రాకెట్టు తన బిందువును ఎన్నడును ప్రశ్నింపదు. బిందువు ట్యాంకుపై నున్నను, పెండ్లిపందిరిపై నున్నను, దాని నాలుగు భాగముల కంటికి ఒక్కటియే. గురిని పోల్చుకొను భారమును ఆయుధమునుండి తొలగించి మనుష్యునిపై పెట్టుటయే దాని చౌకదనమునకు మూలమని పైన చూచితిమి. అట్లు మిగిల్చిన వెలను ఆ మనుష్యుని శిక్షణకును, వివేకమునకును, అతనిపై నిఘాకును వెచ్చింపని సేన, కొన్న వస్తువులో సగమే కొన్నదని చెప్పవలయును.

ఇట్లు చూచినచో భానూరు, ఎద్దుమైలారము పరిసరముల యువకులకు ఈ చిన్న రాకెట్టు నేర్పు పాఠము ఆయుధశాస్త్రమునకు మాత్రమే చెందినది కాదు. ఒక పరికరమునందు ఏ తెలివిని ఉంచవలయును, దేనిని మరియొకచోట ఉంచవలయును, దేనిని పూర్తిగా విడువవలయును అను వివేచనయే రూపశిల్పమునకు సారము. అదే వివేచన వైద్యపరికరములకును, సేద్యపు యంత్రములకును వర్తించును. ఈ ప్రాంతమునందే చేతిపనివారును, సిద్ధాంతము నేర్చువారును పక్కపక్కన జీవించుచున్నారు. పటాన్‌చెరువు షెడ్డులో మైక్రోమీటరు పట్టిన టర్నరును, కంది తరగతిగదిలో చూపురేఖ సమీకరణమును వ్రాయు విద్యార్థియు ఒకరిపని ఒకరు ఎరిగి కలిసి పనిచేయు దినమున, పరదేశపు నమూనాను అనుకరించు దశ దాటి, మన అవసరములకు తగిన పరికరములను మనమే కల్పించు దశ ఈ ప్రాంతమునకు సిద్ధించును.